జియోపాలిమర్ ఎక్కించిన ఇసుక నేలలో షోరింగ్ లేకుండా తవ్వొచ్చా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: పాత గోడ పునాది పక్కనే పైపు కోసం 2 మీటర్ల లోతు కందకం తీయాలి. నేల వదులు ఇసుక. అర మీటరు దిగేసరికే పక్కలు జారి పడుతున్నాయి. జియోపాలిమర్ ఇంజెక్ట్ చేస్తే నేల రాయిలా గట్టిపడుతుందని, ఇక షోరింగ్ (పక్కలు కూలకుండా పెట్టే ఆనిక) అక్కర్లేదని కాంట్రాక్టరు అంటున్నాడు. నమ్మొచ్చా?

ఇసుక గట్టిపడుతుందన్న మాట వరకు నిజమే. షోరింగ్ అక్కర్లేదన్న మాటను మాత్రం కాగితం మీద లెక్క చూపిస్తే తప్ప ఒప్పుకోకండి. ఆ లెక్క కింద నేనే వేసి చూపిస్తాను. అంతకంటే ముందు, ఆయన ఏ పదార్థాన్ని జియోపాలిమర్ అంటున్నాడో తేల్చుకోవాలి. ఎందుకంటే ఆ పేరుతో కనీసం మూడు రకాలు నడుస్తున్నాయి.

మొదటిది అసలైన జియోపాలిమర్. ఫ్లై యాష్ (బొగ్గు బూడిద), స్లాగ్ (ఇనుప కొలిమి చిట్టెం), మెటాకయోలిన్ (కాల్చిన తెల్ల బంకమట్టి) లాంటి పొడులను సోడియం సిలికేట్, కాస్టిక్ సోడా ద్రావణంతో కలిపితే గట్టిపడే బంధకం ఇది. ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త జోసెఫ్ డేవిడోవిట్స్ 1970ల చివర్లో ఆ పేరు పెట్టింది దీనికే. ఇందులో గట్టి రేణువులు ఉంటాయి కాబట్టి సన్న ఇసుక సందుల్లోకి దూరదు. ఇసుకే జల్లెడలా పనిచేసి పొడిని పైపు మూతి దగ్గరే ఆపేస్తుంది, నీళ్లు మాత్రం ముందుకు పోతాయి. గులకరాళ్ల నేలలోనో, యంత్రంతో మట్టిని కలియబెట్టే పద్ధతిలోనో ఇది పనికొస్తుంది. ఉత్త ఫ్లై యాష్‌తో చేస్తే మామూలు వేడిలో గట్టిపడటానికి రోజులు పడుతుంది. స్లాగ్ కలిపితేనే త్వరగా పట్టేస్తుంది.

రెండోది ఉబ్బే పాలీయురేథేన్ ఫోమ్. కుంగిన ఫ్లోర్లను పైకి లేపేవాళ్లు ఎక్కువగా వాడేది ఇదే, వాళ్ల వాడుకలో దీని పేరే జియోపాలిమర్. రెండు డ్రమ్ములు, రెండు వేడి గొట్టాలు, చివర ఒక గన్ ఉంటాయి. కలిసిన కొన్ని సెకన్లకే ఉబ్బడం మొదలై పావుగంటలో దాదాపు పూర్తి బలం వస్తుంది. ఇది ఇసుక రేణువుల మధ్యకు ఇంకదు. ముద్దలుగా, పలకలుగా ఉబ్బి చుట్టూ ఉన్న ఇసుకను నొక్కి బిగిస్తుంది. బరువు మోయడానికి అది చాలు, కానీ తవ్వడానికి చాలదు. రెండు ముద్దల మధ్య ఉన్న ఇసుక బిగుసుకున్నా అంటుకోలేదు. ఎదుట ఆనిక తీసేసి, కాస్త ఆరనిస్తే బియ్యం బస్తాకు చిల్లు పడ్డట్టు కారిపోతుంది.

మీకు కావాల్సింది మూడోది: నీళ్లలా పలచగా ఉండి, ఇసుక సందుల్లోకి ఇంకి, అక్కడే గట్టిపడి ఇసుకను ఇసుకరాయిలా మార్చే రెసిన్. నీళ్ల చిక్కదనం 1 సెంటీపాయిజ్ అనుకుంటే ఇంకే పాలీయురేథేన్లు వంద, రెండొందల దగ్గర ఉంటాయి. సోడియం సిలికేట్, అక్రిలిక్ గ్రౌట్లు అంతకంటే చాలా పలచన. కాబట్టి కాంట్రాక్టరును అడగాల్సిన మొదటి ప్రశ్న ‘ఎంత గట్టిపడుతుంది’ అని కాదు, ‘ఇంకుతుందా, ఉబ్బుతుందా’ అని. డేటా షీటు అడిగి చిక్కదనం చూడండి. షీటు ఇవ్వనివాడితో పని పెట్టుకోకండి.

ఇక నేల సంగతి. 75 మైక్రాన్ల జల్లెడ దాటి కిందికి దిగే మెత్తటి భాగం 12 శాతం లోపుంటే ఇంకే రెసిన్ బాగా పనిచేస్తుంది. 12 నుంచి 20 వరకు ఉంటే ఇబ్బంది పెడుతుంది, రంధ్రాలు దగ్గరగా వేసుకోవాలి. 20 దాటితే ఇంకదు. బలవంతంగా పంపితే నేలను చీల్చుకుని పలచటి పలకలుగా పోతుంది. బంకమట్టిలో ఎప్పుడూ జరిగేది ఇదే. ఆ పలక కందకం వైపు వాలుగా పడిందంటే మట్టి జారడానికి మీరే ఒక నున్నటి బల్ల వేసిచ్చినట్టు. బంకమట్టి కందకానికి రెసిన్ ఎక్కించి షోరింగ్ మానేద్దామనే ఆలోచనే వద్దు.

ల్యాబ్ పరీక్ష తప్పదు కానీ, సైటులో మొదటి చూపుకు ఒక గాజు సీసా చాలు. మూడో వంతు మట్టి, మిగతాది నీళ్లు, ఒక చిటికెడు డిటర్జెంటు వేసి బాగా కుదిపి పెట్టండి. మొదటి నిమిషంలో అడుక్కి చేరింది ఇసుక, తర్వాత గంటల్లో దిగేది ఒండ్రు, మర్నాటికీ నీళ్లను మురికిగా ఉంచేది బంక. ఇసుక పొర మీద కనిపించే మెత్తటి పొర మొత్తం ఎత్తులో ఐదో వంతు ఉందంటే ఇంజెక్షన్ మాట అక్కడే ఆపేసి వేరే దారి చూసుకోవడం మంచిది. నమూనా ఒక్క లోతు నుంచి కాకుండా ప్రతి అర మీటరుకూ తీయండి. ఇసుక మధ్యలో అరచేతి మందం ఒండ్రు పొర ఒకటి దాక్కుని ఉండొచ్చు. రెసిన్ దాని మీదే ఆగిపోతుంది, కింద ఇసుక అలాగే మిగిలిపోతుంది.

ఇప్పుడు లెక్క. చాలామంది చూసేది బలం ఒక్కటే: రెసిన్ ఇంకిన ఇసుక గట్టి ఇటుకలా ఉంది కదా, ఇంకేం అని. కానీ 2 మీటర్ల గుంతలో ఆ గోడ నలిగి విరగడం అరుదు. మొత్తం దిమ్మ ముందుకు ఒరుగుతుంది, లేదా అడుగున జారుతుంది. అందుకే బలం కంటే దిమ్మ మందమే ముఖ్యం.

వదులు ఇసుక ఘనపు మీటరుకు 18 కిలోన్యూటన్లు, ఘర్షణ కోణం 30 డిగ్రీలు అనుకుందాం. 2 మీటర్ల ఎత్తు మీద మట్టి నెట్టే బలం మీటరు పొడవుకు సుమారు 12 కిలోన్యూటన్లు. అది అడుగు నుంచి మూడో వంతు ఎత్తులో పనిచేస్తుంది కాబట్టి ఒరగదోసే మూమెంటు (బలాన్ని దాని ఎత్తుతో హెచ్చిస్తే వచ్చే తిప్పుడు) 8. గట్టిపడిన దిమ్మ బరువు ఘనపు మీటరుకు 19 అనుకుని, మందం 0.6 మీటరు తీసుకుంటే దిమ్మ బరువు 22.8, అది నిలబెట్టే మూమెంటు 6.8. అంటే 8 ఒరగదోస్తుంటే 6.8 ఆపుతోంది. ఎంత గట్టి రాయి అయినా ఈ దిమ్మ నిలబడదు. మందం 0.9 చేస్తే ఆపే మూమెంటు 15.4 అవుతుంది, భద్రతా గుణకం (ఆపేదాన్ని ఒరగదోసేదానితో భాగిస్తే వచ్చేది) 1.9 వస్తుంది, బాగానే ఉంది. అయితే కందకం పక్కన తవ్విన మట్టో, సామానో చదరపు మీటరుకు 10 కిలోన్యూటన్ల బరువుతో కూర్చుంటే ఒరగదోసేది 14.7కి పెరిగి గుణకం 1.05కి పడిపోతుంది. అప్పుడు 1.2 మీటర్ల మందం కావాలి, గుణకం 1.86 వస్తుంది. అక్కడ కూడా జారుడుకు గుణకం 1.4 దగ్గరే ఉంటుంది కాబట్టి దిమ్మను కందకం అడుగు కంటే కనీసం అర మీటరు కిందికి దించాలి.

ఇందులో నీటి ఒత్తిడి లేదు. రెసిన్ ఇంకిన దిమ్మ నీళ్లను దాదాపు ఆపేస్తుంది. వర్షానికో, పగిలిన పైపు వల్లో దిమ్మ వెనక 1.5 మీటర్ల నీళ్లు నిలిస్తే అదనంగా మరో 11 కిలోన్యూటన్లు నెడతాయి, అంటే మట్టి నెట్టేదానికి దాదాపు సమానం. ‘రెండు రోజులు బాగానే నిలబడింది, వాన పడ్డాక ఒరిగింది’ అనే ఫిర్యాదుకు కారణం తరచూ ఇదే. ఊట ఉన్న చోట దిమ్మకు చిన్న పైపులు పెట్టి నీళ్లు బయటికి వదలాలి, వాటి మూతికి జాలీ కట్టాలి. లేకపోతే నీళ్లతో పాటు వెనక ఇసుకా వచ్చేస్తుంది.

మీ విషయంలో పునాది కూడా ఉంది. ఫుటింగ్ (నేల మీద ఆనే పునాది పాదం) అడుగు అంచు నుంచి కిందికి 45 డిగ్రీల వాలు గీత గీయండి. మీ తవ్వకం ఆ గీతను కోస్తే పునాది ఆనుకున్న మట్టినే తీస్తున్నట్టు. వదులు ఇసుకలో ఆ గీతను ఇంకా పడుకోబెట్టి గీయాలి. అలాంటప్పుడు దిమ్మ కందకం గోడకే కాకుండా ఫుటింగ్ కిందికి కూడా వెళ్లాలి. పైన నేను వేసిన లెక్క దానికి చాలదు, స్ట్రక్చరల్ ఇంజినీరు లోడు వేసి చూడాల్సిందే.

మందం తేలాక రెసిన్ ఎంత పడుతుందో చూడండి, సరదా అక్కడే వదిలిపోతుంది. 1.2 మీటర్ల మందం, 2.5 మీటర్ల లోతు అంటే మీటరు పొడవుకు 3 ఘనపు మీటర్ల ఇసుక. అందులో ఖాళీలు 35 శాతం, వాటిలో 90 శాతం నిండాలి, దారి తప్పి పోయేదానికి 15 శాతం కలపండి. సుమారు 1,100 లీటర్లు అవుతుంది. 200 లీటర్ల డ్రమ్ములు ఐదున్నర, ఒక్క మీటరుకు, ఒక్క వైపుకు. నురుగు కట్టే రకమైతే కొంత తగ్గుతుంది, ఎంత తగ్గుతుందో ట్రయల్లోనే తెలుస్తుంది. అందుకే నా అభిప్రాయం సూటిగా చెప్తాను: పొడవాటి కందకానికి ఇంజెక్షన్ దండగ, ట్రెంచ్ బాక్సు (కందకంలో దించే ఉక్కు పెట్టె) గానీ, ఉక్కు షీట్లు గానీ దింపండి. షోరింగ్ దూరని చోటే, అంటే పునాది కింద, అడ్డంగా పైపులు, కేబుళ్లు పోతున్న చోట, మ్యాన్‌హోల్ చుట్టూ, షీట్ల మధ్య మిగిలిన సందుల్లో మాత్రమే రెసిన్ తన ఖర్చుకు న్యాయం చేస్తుంది. మీ పనిలో కూడా పునాది ఆనుకున్న మూడు నాలుగు మీటర్లకు రెసిన్, మిగతాదానికి షోరింగ్ అనేది సరైన కలయికలా కనిపిస్తోంది.

పని మొదలుపెట్టే ముందు భూమిలో ఏమేం ఉన్నాయో గుర్తించండి. పగుళ్లున్న మురుగు పైపు పక్కన రెసిన్ పంపితే అది పైపులోకి దూరి గట్టిపడుతుంది, తర్వాత ఆ ముక్క కోసి పారేయాల్సిందే. ఇంజెక్షన్ జరుగుతున్నంతసేపూ ఆ పైపులో నీళ్లు పారనిచ్చి, దిగువ మ్యాన్‌హోల్ దగ్గర ఒక మనిషిని నిలబెట్టండి. నీళ్లలో నురుగో, రంగో కనిపించిన క్షణమే పంపు ఆపాలి.

రంధ్రాలు అర మీటరు దూరంలో, ఒక వరస రంధ్రాలు పక్క వరస సందులకు ఎదురుగా పడేలా వేయండి. ఇసుకలో డ్రిల్ చేస్తే రంధ్రం పూడిపోతుంది, అందుకే కింద వదిలేసే మొన పెట్టిన 12–20 మి.మీ. ఉక్కు గొట్టాన్ని సుత్తితో దింపడమే సులువు. జాగ్రత్తగా చేయాల్సిన చోట, ముఖ్యంగా పునాది కింద, మీటరుకు మూడు రబ్బరు తొడుగులున్న స్లీవ్ పైపు, డబుల్ ప్యాకర్ (పైనా కిందా మూసి ఒక్క లోతుకే రెసిన్ పంపే సాధనం) వాడతారు. దానివల్ల ఒకే లోతుకు రెండోసారి కూడా వెళ్లొచ్చు. ముందు కందకానికి దూరంగా ఉన్న బయటి వరస, తర్వాత కందకం వైపు వరస, చివరికి మధ్యది చేయండి. ఒక వరసలో కూడా ఒకటి విడిచి ఒకటి చేసి, అవి పట్టాక మధ్యవి పూర్తి చేయాలి. రెండో విడత రంధ్రాలు మొదటివాటికంటే తక్కువ రెసిన్ తాగి, త్వరగా ఒత్తిడి చూపిస్తే పని బాగా సాగుతున్నట్టు. సమానంగా తాగుతుంటే మొదటి విడత రెసిన్ అనుకున్న చోట లేదన్నమాట.

ఒక్కో దశ ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దాం. గొట్టం 2.5 మీటర్ల లోతున ఉంది. అర మీటరు గళ్లు, 33 సెం.మీ. దశ అంటే ఆ దశకు దక్కాల్సిన రెసిన్ 26 నుంచి 30 లీటర్లు. నిమిషానికి 5–10 లీటర్ల చొప్పున నెమ్మదిగా పంపాలి. ఒత్తిడి పరిమితికి పాత లెక్క ఒకటుంది: లోతు మీటరుకు సుమారు 22 కిలోపాస్కల్. 2 మీటర్ల దగ్గర అది 45, అంటే అర బారు కూడా కాదు. పంపు దగ్గర గేజీ చూపేదాంట్లో గొట్టం నష్టం కలిసి ఉంటుంది. అందుకని ముందుగా గొట్టాన్ని బయట పెట్టి అదే వేగంతో బకెట్లోకి వదిలి, అప్పుడు గేజీ ఎంత చూపిందో రాసుకుని, ఆ అంకెను తీసేసి చూడాలి. ఇది చేయని సిబ్బంది ఒత్తిడి ఎక్కువని ముందే ఆపేస్తారు, లేదా గేజీని అసలు పట్టించుకోవడం మానేస్తారు. రెండూ ప్రమాదమే.

30 లీటర్లు పోయాక ఆపి గొట్టాన్ని 33 సెం.మీ. పైకి లాగాలి. 60 లీటర్లు పోయినా ఒత్తిడి లేదంటే రెసిన్ ఎక్కడికో పారిపోతోంది: పైపు కందకంలోకో, బొరియలోకో, పక్కింటి నేలమాళిగలోకో. ఇంకాస్త పంపి చూద్దామనుకోకుండా ఆపి, జెల్ టైము (రెసిన్ బిగుసుకునే సమయం) తగ్గించి, పట్టాక మళ్లీ మొదలుపెట్టాలి. ఉన్నట్టుండి ఒత్తిడి పడిపోయి ప్రవాహం పెరిగితే నేల చీలినట్టు గుర్తు. ఫుటింగ్ మీద లేజర్ లెవెల్ రిసీవర్ ఉంచి, 1 మి.మీ. కదిలితే ఆపాలని ముందే రాసుకోండి. ప్రతి రంధ్రానికీ లోతు, లీటర్లు, ఒత్తిడి, సమయం పట్టికలో ఎక్కించమని అడగండి. ఆ పట్టిక లేకపోతే తర్వాత ఖాళీ ఎక్కడ మిగిలిందో తెలుసుకునే మార్గమే లేదు.

ప్రతి ఉదయం ఒక కప్పు పరీక్ష చేయించండి. పారదర్శకమైన ప్లాస్టిక్ కప్పులోకి కొంచెం వదిలి, రంగు మారే సమయం, బిగుసుకునే సమయం స్టాప్‌వాచ్‌తో చూసి షీటుతో పోల్చాలి. రెండు భాగాల రెసిన్లలో ఒక డ్రమ్ము చల్లబడి చిక్కబడితే పాళ్లు తప్పుతాయి. అప్పుడు కప్పులో జిగటగా మిగిలేదో, బిస్కెట్లా పెళుసుగా విరిగేదో వస్తుంది. అది భూమిలోకి వెళ్లాక కనిపించదు. భూగర్భజలం ఉంటే అదే కప్పులో సైటు నీళ్లు పోసి కూడా చూడండి. పారే నీళ్లలో మెల్లగా పట్టే రెసిన్ కొట్టుకుపోతుంది, అక్కడ జెల్ టైము తగ్గించక తప్పదు.

పట్టడానికి షీటులో చెప్పిన గడువు ఇచ్చి, అసలు కందకం కంటే ముందు ఓ చివర అర మీటరు పొడవు, అర మీటరు వెడల్పుతో పరీక్ష గుంత తీయండి. గుంతలోకి దిగకుండా పైనుంచే తీయాలి. తెరుచుకున్న ముఖాన్ని స్క్రూడ్రైవర్‌తో పొడవండి. గీత పడి ఆగితే బాగుంది, పిడి దాకా దిగితే అక్కడ రెసిన్ లేదు. చూడాల్సింది గొట్టం ఉన్న చోట కాదు, రెండు గొట్టాల సరిగ్గా మధ్యన. 8 కిలోల సుత్తి, 575 మి.మీ. పతనం ఉన్న డైనమిక్ కోన్‌తో (సుత్తి దెబ్బలతో నేలలోకి దింపే మొన ఉన్న కడ్డీ) ముందూ వెనకా దెబ్బకు ఎన్ని మిల్లీమీటర్లు దిగుతోందో పోల్చడం మంచిదే. కానీ కోన్ ఒక ముద్ద మీద పడితే అబద్ధపు ధైర్యం ఇస్తుంది. అందుకే కనీసం నాలుగైదు చోట్ల, మధ్య బిందువుల్లోనే దింపాలి.

తవ్వేటప్పుడు 1.5–2 మీటర్ల పొడవు చొప్పున, అర మీటరు దశల్లో దిగండి. పొక్లెయిన్ బకెట్ పళ్లతో దిమ్మ ముఖాన్ని గోకనివ్వొద్దు. చివరి 10 సెం.మీ. చేత్తో చెక్కాలి. ముఖంలో ఒక చోట సన్నగా ఇసుక కారుతోందంటే చిన్నదే కదా అని వదలొద్దు. వెనక ఖాళీ పెరుగుతుంటుంది, అది ఫుటింగ్ కిందికి పాకేదాకా పైన ఏమీ కనిపించదు. ఇసుక బస్తాలు, ప్లైవుడ్ ముక్కలు, రెండు జాకీలు గుంత పక్కనే సిద్ధంగా ఉంచుకుని వెంటనే మూసి, ఆ చోట మళ్లీ ఇంజెక్ట్ చేయాలి. తవ్విన మట్టి అంచు నుంచి కనీసం 0.6 మీటరు, వీలైతే మీటరు దూరం పోయండి. నిచ్చెన మనిషికి అందేంత దగ్గర ఉండాలి. ఒక ఘనపు మీటరు ఇసుక ఒకటిన్నర టన్నుకు పైనే తూగుతుంది. నడుము దాకా పూడుకుపోయిన మనిషిని చేతులతో లాగి తీయలేరు. 1.2–1.5 మీటర్ల లోతు దాటితే రక్షణ తప్పనిసరి అని చాలా దేశాల నిబంధనలు చెప్పేది అందుకే. రెసిన్ ఎక్కించిన గోడ ఆ రక్షణ కింద లెక్కకు రావాలంటే అర్హత ఉన్న ఇంజినీరు సంతకం కావాలి, కాంట్రాక్టరు మాట సరిపోదు.

రసాయనాల గురించి రెండు ముక్కలు. పాలీయురేథేన్‌లోని ఐసోసయనేటు ఆవిరి వల్ల ఒకసారి ఎలర్జీ పుడితే, ఆ తర్వాత కొద్దిపాటి వాసనకే ఉబ్బసం వచ్చే మనుషులుంటారు. గుంతలో గాలి ఆడేలా బ్లోయర్, సరైన కార్ట్రిడ్జి ఉన్న మాస్కు, నైట్రైల్ గ్లౌజులు, కళ్లద్దాలు ఉండాలి. తడి తగిలిన ఐసోసయనేటు డ్రమ్ముకు మూత బిగించొద్దు, లోపల కార్బన్ డయాక్సైడ్ పుట్టి డ్రమ్ము ఉబ్బి పగులుతుంది. ఫోమ్ అయితే ఒకే చోట పెద్ద ముద్దగా పోయకూడదు, గట్టిపడేటప్పుడు పుట్టే వేడికి లోపల మాడి పొగ వస్తుంది, నిప్పు కూడా అంటుకోవచ్చు. దాని పక్కన వెల్డింగ్ చేయొద్దు. అసలు జియోపాలిమర్ లేదా సిలికేట్ అయితే ప్రమాదం కాస్టిక్‌ది: సోడాను నీళ్లలో కొద్దికొద్దిగా వేయాలి గానీ సోడా మీద నీళ్లు పోయకూడదు. కంట్లో పడితే ఆగకుండా నీళ్లతో కడుగుతూనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మీ కాంట్రాక్టరుకు ఇవాళే పంపాల్సిన ప్రశ్నలు నాలుగు: రెసిన్ చిక్కదనం ఎంత, మీ ఇసుకలో 75 మైక్రాన్ల కింద ఎంత శాతం ఉంది, దిమ్మ మందం ఏ లెక్కన నిర్ణయించారు, నీళ్లు నిలిస్తే ఆ లెక్క ఏమవుతుంది. జల్లెడ ఫలితం వచ్చాక ఇక్కడ పెడితే రంధ్రాల దూరం దాన్నిబట్టి సరిచేసి చెప్తాను.